మన పేరు చెప్పి ఎవరి వర్తకం?

ఎలక్ట్రానిక్ వాణిజ్యం గురించి ప్రభుత్వాలూ, కంపెనీల సంఘాలూ అచ్చువేసే పత్రాల్లో తరచుగా ఒక గ్రామీణ స్త్రీ బొమ్మ వుంటుంది. ఆవిడ చేతిలో ఫోను, వెనక మగ్గమో, అద్దకం బల్లో, పచ్చడి జాడీలో. ఈ వ్యాపారం పెరిగితే ముందుగా బాగుపడేది ఆవిడేనని కింద రాసి వుంటుంది. ఆ పత్రాన్ని తయారుచేసిన వాళ్ళ జాబితాలో మాత్రం ఆవిడ పేరు వుండదు. ఆవిడ సంఘం పేరు కూడా వుండదు. బందరు, పెడన, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో స్త్రీల సంఘాలతో పనిచేస్తున్న దాన్నిగా నేనడిగేది ఒకటే: మన పేరు చెప్పి మనల్ని అడక్కుండా రాసిన విధానం ఎవరిది?

తోటి కార్యకర్తలు కొందరు విసుక్కుంటారు. ఇళ్ళలో హింస, కూలి రేట్లు, మద్యం, వడ్డీ అప్పులు - ఇన్ని సమస్యలుండగా ఈ కంప్యూటర్ల గొడవ మనకెందుకంటారు. 1991 చివర్లో డంకెల్ ముసాయిదా వచ్చినప్పుడు కూడా ఇదే మాట విన్నాం. అదేదో జెనీవా సంగతి, మన పొలానికీ మన వంటింటికీ సంబంధం లేదన్నారు. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టాక విత్తనం, మందు బిళ్ళ, నూలు, వంటనూనె దాకా ఆ సంబంధం ఎలా వచ్చిందో అందరం చూశాం. ఒప్పందాల్లో సిరా ఆరాక మాట్లాడటం కంటే ముసాయిదాలుండగా మాట్లాడటం మేలు.

వాళ్ళ ఐకమత్యం

ముందు వాళ్ళ సహకారం ఎలా నడిచిందో తెలుసుకోవాలి. వేరువేరు దేశాల కంప్యూటర్ సేవల కంపెనీల సంఘాలు కలిసి 1978లోనే ఒక అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. ఇవాళ దాని పేరు విట్సా. మన దేశంలో సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్కామ్ 1988లో ఏర్పడింది. విట్సాలో మన దేశం తరఫు సభ్య సంస్థ అదే.

1997 జూలైలో అమెరికా ప్రభుత్వం ప్రపంచ ఎలక్ట్రానిక్ వాణిజ్యానికి ఒక చట్రం ప్రకటించింది. అందులో మొదటి సూత్రం, ఈ రంగాన్ని ప్రైవేటు రంగమే ముందుండి నడపాలని. 1998 మేలో జెనీవాలో జరిగిన మంత్రుల సమావేశం, ఎలక్ట్రానిక్ పద్ధతిలో దేశాలు దాటి వచ్చే వాటి మీద కస్టమ్స్ సుంకం వెయ్యకూడదన్న అప్పటి పద్ధతినే కొనసాగించాలని తీర్మానించింది. అదే ఏడు అక్టోబరులో ఒట్టావాలో ధనిక దేశాల మంత్రులు కలిశారు. అప్పటికే విట్సా, అంతర్జాతీయ వాణిజ్య మండలి, మరో మూడు సంస్థలు కలిసి ఒక కూటమి కట్టి, ప్రభుత్వాలు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పే కార్యాచరణ ప్రణాళికని వాళ్ళ ముందు పెట్టాయి. 1999 జనవరిలో పెద్ద కంపెనీల అధిపతులు ఇదే పనికి మరో వేదిక పెట్టుకున్నారు.

ఏడాదిన్నరలో చట్రం తయారైపోయింది. మా ఊళ్ళల్లో ఎస్.టి.డి. బూతు ముందు వరసలో నిలబడి మాట్లాడుకునే రోజులవి. ఈ చట్రం మీదే మనం తర్వాత ఇల్లు కట్టుకోవలసి వచ్చింది. మన సమాచార సాంకేతిక చట్టం 2000 కూడా ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 1996లో తయారుచేసిన నమూనా చట్టాన్ని ఆధారం చేసుకున్నదే. నమూనా బయటినించి రావటం తప్పని నేననను. కానీ ఆ బల్ల చుట్టూ కూర్చుని 'మేమే ప్రైవేటు రంగం' అని చెప్పుకున్నది ఎవరు? పెడనలో అచ్చు వేసే మనిషిది ప్రైవేటు రంగం కాదా? బందరులో ఇంట్లో కూర్చుని రోల్డుగోల్డు గొలుసులకి రాళ్ళు అతికే మనిషి ప్రభుత్వోద్యోగా? ఆ మాటకి అర్థాన్ని వాళ్ళకి సరిపోయేంతగా కత్తిరించుకుని, తర్వాత దాన్ని అందరి పేరుగా వాడుకున్నారు.

స్త్రీలని ముందు పెట్టి

2017-18 శీతాకాలాన్ని ఒకసారి తిరగేసి చూడండి. 2017 నవంబరు 28 నించి 30 దాకా హైదరాబాదులో అమెరికా, భారత ప్రభుత్వాలు కలిసి ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిపాయి. దాని నినాదం 'ముందు స్త్రీలు, అందరికీ సంపద'. రెండు వారాలు తిరక్కుండానే, డిసెంబరులో బ్యూనస్ ఎయిర్స్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశం జరిగింది. అక్కడ 118 దేశాలు, భూభాగాలు 'స్త్రీలు, వాణిజ్యం' అనే ప్రకటనని సమర్థించాయి. అదే సమావేశంలో 71 సభ్యులు ఎలక్ట్రానిక్ వాణిజ్యం మీద విడిగా చర్చలు మొదలుపెడతామని సంయుక్త ప్రకటన చేశారు. 2018 ఫిబ్రవరి 19 నించి 21 దాకా మళ్ళీ హైదరాబాదులోనే విట్సా వారి ప్రపంచ ఐటీ మహాసభ జరిగింది. నాస్కామ్, తెలంగాణ ప్రభుత్వం ఆతిథ్యమిచ్చాయి. ఆ మహాసభ మన దేశంలో జరగటం అదే మొదలు.

ఒక చేత్తో స్త్రీల ప్రకటన, మరో చేత్తో ఎలక్ట్రానిక్ వాణిజ్యం ప్రకటన. బ్యూనస్ ఎయిర్స్‌లోనే వందకి పైగా స్త్రీల సంస్థలు, వాటి మిత్ర సంఘాలు ఆ స్త్రీల ప్రకటనని వ్యతిరేకిస్తూ సంతకాలు చేశాయి. వాణిజ్య నియమాల వల్ల స్త్రీలకి జరిగిన నష్టం సంగతి ఎత్తకుండా, కొత్త నియమాలకి స్త్రీల పేరు వాడుకోవద్దన్నాయి. మన ప్రభుత్వం ఆ రెండు ప్రకటనల్లోనూ చేరలేదు. అది స్త్రీల ఉద్యమం మీద గౌరవంతో చేసిన పని కాదు. లింగ సమానత్వం ఆ సంస్థలో చర్చించే విషయం కాదన్నది దాని వాదన. అయినా చేరకపోవటం వల్ల కొంత చోటు మిగిలింది. ఆ చోటు ఎవరితో నిండుతుందనేదే ప్రశ్న.

మన దేశంలో 'జాతీయ ఈ-కామర్స్ విధానం' ముసాయిదా 2019 ఫిబ్రవరి 23న బయటికొచ్చింది. అభిప్రాయాలు పంపటానికి మొదట ఇచ్చిన గడువు మార్చి 9. అంటే రెండు వారాలు. మహిళా దినోత్సవం మర్నాటితో సరి. తర్వాత నెలాఖరు దాకా పొడిగించారు. ఢిల్లీలో కార్యాలయం, వకీళ్ళు, జీతం మీద పనిచేసే పరిశోధకులు వున్న సంఘాలకి అది చాలినంత సమయం. దాని తెలుగు ప్రతి పెడనలో గానీ గుడివాడలో గానీ ఎవరి చేతిలోనూ నేను చూడలేదు. 'అభిప్రాయ సేకరణ జరిగింది' అనే వాక్యానికి మాత్రం ఆ గడువు పనికొస్తుంది.

మా మూడు చోట్ల సంగతి

పెడనతో మొదలుపెడతాను. బందరు కలంకారీ అంటే అచ్చుల అద్దకం. బట్టకి గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నలుపు, పటికతో ఎరుపుకి పునాది వేస్తారు. టేకు అచ్చులతో అద్దిన బట్టని పారే కాలవలో జాడించి, రంగు చెక్కలు, ఆకులు వేసి పెద్ద డేగిసాల్లో ఉడకబెట్టి, మళ్ళీ ఉతికి, ఎండకి పరుస్తారు. ఇందులో స్త్రీల శ్రమ ఎక్కడ లేదు? నీళ్ళు మారినా, ఎండ తగ్గినా రంగులో తేడా వస్తుంది. అది లోపం కాదు, ఈ పని స్వభావమే అది.

ఆన్‌లైన్ అంగడి నియమాలకి ఈ స్వభావం తెలియదు. బొమ్మలో చూసిన ఎరుపుకీ ఇంటికొచ్చిన ఎరుపుకీ తేడా వుంటే కొన్నవాళ్ళు తిప్పి పంపొచ్చు. మా సంఘం ఒక ప్లాట్‌ఫారంలో పెట్టిన దుప్పట్లు అలా తిరిగొచ్చాయి. రానూ పోనూ ఖర్చు మా లెక్కలోంచే కోశారు. తిరిగొచ్చినవి ఎక్కువైతే మా సరుకు జాబితాలో అడుక్కి పోయింది. ఎందుకు పోయిందని అడిగితే, తెలుగులో జవాబు చెప్పే మనిషి దొరకలేదు. ఆ జాబితాలోనే పైవరసలో 'కలంకారీ' అని పేరు పెట్టి మిల్లుబట్ట మీద యంత్రంతో ముద్రించినవి మా ధరలో మూడో వంతుకి వుంటాయి. వాటి రంగు ఎప్పుడూ ఒక్కలాగే వుంటుంది, యంత్రం కాబట్టి. మచిలీపట్నం కలంకారీకి చట్టప్రకారం భౌగోళిక గుర్తింపు వుంది. ఆ గుర్తింపుని అంగట్లో కాపలా కాసే బాధ్యత ఎవరిదంటే ఎవరూ పలకరు.

రోల్డుగోల్డు నగల సంగతి ఇంకొకటి. బందరులో ఈ పనిలో చాలాభాగం ఇళ్ళల్లో జరుగుతుంది. రాళ్ళు అతకటం, లంకెలు కలపటం ఆడవాళ్ళూ ఆడపిల్లలూ చేస్తారు, డజనుకింతని కూలి. పండగ సీజనులో ప్లాట్‌ఫారం 'ఆఫర్' ప్రకటిస్తే ధర తగ్గించమని అమ్మకందారు మీద ఒత్తిడి వస్తుంది. అతను వ్యాపారి మీద, వ్యాపారి ఏజెంటు మీద తోస్తాడు. ఏజెంటు తొయ్యటానికి మిగిలేది ఇంట్లో కూర్చున్న మనిషే. కొన్నవాళ్ళకి వచ్చిన తగ్గింపులో ఒక ముక్క ఆవిడ కూలిలోంచి పోతుంది. ఇంటి దగ్గర పనిచేసే వాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడికని ఆమోదించింది. మన దేశం దాన్ని అంగీకరించలేదు. ఎలక్ట్రానిక్ వాణిజ్యం సంతకాలకి వున్న తొందర ఈ సంతకానికి మాత్రం లేదు.

గుడివాడ వైపు డ్వాక్రా సంఘాల స్త్రీలు పచ్చళ్ళు, పిండివంటలు, కుట్టిన బట్టలు ఆన్‌లైన్లో అమ్మిన చోట్ల నేను గమనించింది ఇది: సరుకు ఆవిడది, ఫోను నెంబరు భర్తది లేదా కొడుకుది. ఓ.టి.పి. ఆ ఫోనుకే వస్తుంది. డబ్బు పడే ఖాతా కూడా చాలాసార్లు అతనిదే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-20) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఈ అంకెలు తర్వాత పెరిగి వుండొచ్చు. అయినా ఫోను చేతికి రావటం వేరు, దాని మీద హక్కు రావటం వేరు. సదస్సుల్లో 'ఇన్ని వేలమంది మహిళా విక్రేతలు' అని చదివే లెక్కలో ఓ.టి.పి. ఎవరికి వస్తుందో అడిగే గడి వుండదు.

ఇక దివిసీమ. బయటివాళ్ళకి ఈ పేరు 1977 నవంబరు 19 ఉప్పెనతో తెలుసు. నాగాయలంక, కోడూరు వైపు చేపలు ఎండబెట్టి, గంపలతో ఊళ్ళకీ సంతలకీ తిరిగి అమ్మే స్త్రీలు ఇప్పటికీ వున్నారు. వీళ్ళు ఏ ప్లాట్‌ఫారంలోనూ విక్రేతలు కారు. అందుకని ఏ విధానానికీ వీళ్ళు కనపడరు. పట్నాల్లో కొనుగోలుదారు ఫోనులో చేప తెప్పించుకుంటే వీళ్ళకి ఒక బేరం తగ్గుతుంది. ఆ నష్టాన్ని రాసే పద్దు ఎక్కడా లేదు. ఎలక్ట్రానిక్ వాణిజ్యంలో చేరినవాళ్ళ మాటే వినని విధానం, అది పక్కకి తోసేసినవాళ్ళ మాట వింటుందా?

బట్టకి సుంకం, బొమ్మకి లేదు

ఇవన్నీ స్థానిక సమస్యలు కదా, వీటికీ జెనీవాకీ ముడేమిటని అడగొచ్చు. రెండు ముడులు చూపిస్తాను.

మొదటిది, నేను పైన చెప్పిన సుంకాల సంగతి. 1998 నాటి ఆ మారటోరియం తాత్కాలికం. అయినా మంత్రుల సమావేశాల్లో మళ్ళీ మళ్ళీ పొడిగిస్తూ వచ్చారు. 2022 జూన్‌లో జెనీవా సమావేశానికి ముందు ప్రపంచం నలుమూలల నించి వందకి పైగా పరిశ్రమ సంఘాలు దాన్ని కొనసాగించమని ఉమ్మడి ప్రకటన ఇచ్చాయి. పొడిగింపు వచ్చింది. 2024లో అబుధాబిలో మన దేశం, దక్షిణాఫ్రికా వంటివి అభ్యంతరాలు చెప్పినా మరోసారి పొడిగించి, 2026 మార్చి 31 గానీ తర్వాతి మంత్రుల సమావేశం గానీ ఏది ముందయితే అంతవరకేనని రాశారు. గడువు తేదీలు ఎన్ని మారినా, దీన్ని శాశ్వతం చెయ్యాలన్న పెద్ద కంపెనీల కోరిక మాత్రం మారలేదు.

దీనివల్ల వర్ధమాన దేశాలు ఏడాదికి వెయ్యి కోట్ల డాలర్ల దాకా సుంకాల ఆదాయం వదులుకుంటున్నాయని 2019లో ఐక్యరాజ్యసమితి వాణిజ్య అభివృద్ధి సంస్థ పరిశోధన అంచనా వేసింది. ఈ లెక్కని పరిశ్రమ సంఘాలు ఒప్పుకోవు; సుంకం వేస్తే చిన్న వ్యాపారులకే దెబ్బంటాయి. అంకెల తగవు అలా వుంచండి. పెడన అద్దకం షెడ్డులోంచి చూస్తే తేడా కంటికి కనపడుతుంది. మన బట్ట సముద్రం దాటితే అవతలి రేవులో సుంకం కట్టాలి. ఆ బట్ట మీది డిజైనుని ఎవరన్నా స్కాన్ చేసి కంప్యూటర్ ఫైలుగా పంపితే దానికి సుంకం లేదు. అక్కడ యంత్రం మీద ఎన్ని గజాలైనా ముద్రించుకోవచ్చు. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళింది. ఆ శాతాలు పెరుగుతుంటాయి, తగ్గుతుంటాయి. చేత్తో చేసిన వస్తువుకి ఎప్పుడు కావాలంటే అప్పుడు గోడ కట్టొచ్చు, కంపెనీ ఫైలుకి మాత్రం శాశ్వతంగా తలుపు తెరిచి వుంచాలి - ఇదేనా స్వేచ్ఛా వాణిజ్యం?

బందరుకి ఇది కొత్త కాదు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ వర్తకస్థానం పెట్టుకుంది. కోరమాండల్ తీరం అద్దకం బట్టలు యూరపులో ఎంతగా అమ్ముడయ్యాయంటే, ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి మీద, 1721లో వాడకం మీద చట్టాలు చేసింది. 1719లో లండన్‌లో పట్టు నేతగాళ్ళు వీధుల్లో ఈ బట్టలు కట్టుకున్న స్త్రీల మీద పడి, ఒంటిమీదివి చించేశారు. అంటే ఈ చివర బట్ట తయారుచేసిన స్త్రీకి గానీ, ఆ చివర కట్టుకున్న స్త్రీకి గానీ ఆ చట్టంలో మాట లేదు. మధ్యలో సంఘటితంగా వున్నవాళ్ళు రాయించుకున్నారు. అప్పుడు నిషేధం పేరుతో రాయించుకున్నారు, ఇప్పుడు స్వేచ్ఛ పేరుతో.

అల్గారిథమ్ ఎవరి రహస్యం?

రెండో ముడి, మా దుప్పట్లు జాబితాలో అడుక్కి ఎందుకు పోయాయన్న ప్రశ్న. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల పరిరక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, సరుకునీ విక్రేతనీ ఏ కొలతల మీద పైకీ కిందికీ పెడుతున్నారో ప్లాట్‌ఫారం తేలిక భాషలో వివరించాలి. మంచి నియమం. కానీ ఆ చట్టం కొనేవాళ్ళ కోసం పుట్టింది. ఫిర్యాదుని 48 గంటల్లో అందుకోవాలి, నెలలో తేల్చాలి అన్నవి కూడా వినియోగదారుల ఫిర్యాదులకే. అమ్మే స్త్రీ వినియోగదారు కాదు, ఉద్యోగి కాదు. ఆవిడ 'భాగస్వామి' అట!

ఆ కొలతలు నిజంగా ఎలా పనిచేస్తాయో ప్రోగ్రాము లోపల చూస్తేనే తెలుస్తుంది. 2021 అక్టోబరులో రాయిటర్స్ వార్తా సంస్థ, అమెజాన్ మన దేశంలో ఇతరుల సరుకుల్ని అనుకరించి, తన సొంత బ్రాండ్లు పైన కనపడేలా వెతుకుడు ఫలితాల్ని మార్చుకుందని లోపలి పత్రాల ఆధారంగా రాసింది. ఆ కంపెనీ ఖండించింది. ఎవరి మాట నిజమో తేల్చాలంటే చూసే అధికారం ప్రభుత్వానికుండాలి కదా. సరిగ్గా అక్కడే కంపెనీల సంఘాలు అడ్డుగోడ అడుగుతున్నాయి. సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ చూపించమని ఏ ప్రభుత్వమూ షరతు పెట్టకూడదన్న నిబంధనని ఒప్పందాల్లో చేర్పిస్తున్నాయి.

2023 అక్టోబరులో అమెరికా ప్రభుత్వమే జెనీవా చర్చల్లో ఈ సోర్స్ కోడ్ నిబంధనకీ, సమాచారం దేశాలు దాటే స్వేచ్ఛకీ తన మద్దతు ఉపసంహరించుకుంది. పెద్ద కంపెనీలని తమ దేశంలో అదుపుచేసే వీలు మిగుల్చుకోవాలన్నది కారణం. పరిశ్రమ సంఘాలు గగ్గోలుపెట్టాయి. 2024 జూలైలో ఆ చర్చల తుది పాఠం బయటికొచ్చినప్పుడు అందులో ఈ నిబంధన లేదు. అటువంటిది, 2025 జూలై 24న బ్రిటన్‌తో మన ప్రభుత్వం సంతకం చేసిన ఒప్పందంలో సోర్స్ కోడ్ నిబంధనని ఒప్పుకుంది! విచారణల కోసం మినహాయింపులున్నాయంటారు. వుండొచ్చు. కానీ మినహాయింపు అడుక్కోవలసిన స్థితికి మనమే దిగాం. బ్రిటన్‌కి ఇచ్చినదాన్ని రేపు మరొక దేశం అడగదా?

అదే ఒప్పందంలో 'వాణిజ్యం, లింగ సమానత్వం' అని కూడా ఒక అధ్యాయం వుంది. సహకారం, అనుభవాలు పంచుకోవటం, అవకాశాలు పెంచటం లాంటి మాటలు అందులో వున్నాయి. మళ్ళీ అదే పద్ధతి. స్త్రీలకి ఒక అధ్యాయం, కంపెనీలకి ఒక అధ్యాయం. కంపెనీల అధ్యాయం వల్ల స్త్రీలకి ఏమవుతుందో మాత్రం ఏ అధ్యాయమూ చెప్పదు.

అయితే ఏం చేద్దాం?

ఆన్‌లైన్ అమ్మకం వద్దని నేను అనటం లేదు. 2020 లాక్‌డౌన్లో సంతలు, ప్రదర్శనలు మూతపడ్డప్పుడు ఫోనులో బొమ్మలు పంపి సరుకు అమ్ముకున్న స్త్రీలు మా ప్రాంతంలో వున్నారు. దళారీ లేకుండా కొనేవాళ్ళతో నేరుగా మాట్లాడటంలో వున్న గౌరవం వాళ్ళకి తెలుసు. పాత దళారీ దేవుడని కూడా ఎవరూ అనరు. అతను రేటు కోస్తే సంఘంగా వెళ్ళి గుమ్మం ముందు నిలబడే వీలుండేది. కొత్త దళారీకి గుమ్మం లేదు, అంతే తేడా. ఆ గుమ్మం కట్టించటమే మన పని.

అడిగితే నియమాలు మారతాయి. 2017 జూలై నించి ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళు ఎంత చిన్నవాళ్ళయినా జీఎస్టీ నమోదు తప్పనిసరి చేశారు. ఆరేళ్ళకి, 2023 అక్టోబరు 1 నించి, రాష్ట్రం లోపల సరుకు అమ్మే చిన్నవాళ్ళకి సడలించారు. ఈ జిల్లాల ఆడవాళ్ళకి పోరాటం నేర్పనక్కర్లేదు. 1992లో దూబగుంట నించి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1995 జనవరిలో నిషేధం తెప్పించింది. 1997లో దాన్ని సడలించినప్పుడు, సాధించిన చట్టానికి కాపలా కూడా మనమే కాయాలని తెలిసింది.

అందుకని సంఘాలన్నీ చర్చించి, సవరించి, ముందుకి తీసుకెళ్ళటానికి కొన్ని డిమాండ్లు పెడుతున్నాను.

ఎలక్ట్రానిక్ వాణిజ్యం మీద ఏ ఒప్పందమైనా సంతకానికి ముందే దాని ముసాయిదా తెలుగులో రావాలి. చేతివృత్తులున్న జిల్లాల్లో బహిరంగ విచారణ జరగాలి. వాణిజ్య శాఖ సలహా సంఘాల్లో కంపెనీల సంఘాలతో సమానంగా ఇంటిపని కార్మికులకీ, స్త్రీ ఉత్పత్తిదారుల సంఘాలకీ చోటుండాలి. సోర్స్ కోడ్ నిబంధనని ఇకముందు ఏ ఒప్పందంలోనూ ఒప్పుకోకూడదు. సుంకం వేసే హక్కుని శాశ్వతంగా వదులుకోకూడదు. వెయ్యాలా వద్దా అన్నది తర్వాత సంగతి. జాబితాలో సరుకు ఎందుకు కిందికి పోయిందో అమ్మినవాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పాలి. సహజ రంగుల్లో వచ్చే తేడాని లోపంగా లెక్కించి ఖర్చు అమ్మినవాళ్ళ మీద వెయ్యకూడదు. యంత్రంతో ముద్రించిన బట్టని కలంకారీ పేరుతో పెడితే ప్లాట్‌ఫారమే జవాబుదారీ కావాలి. స్త్రీ సరుకు డబ్బు స్త్రీ ఖాతాలోనే పడాలి. 177వ ఒడంబడిక మీద ప్రభుత్వం సంతకం చెయ్యాలి.

ఇవి ఒక్క పెడన అడిగితే వినపడవు. కంపెనీల సంఘాలు ఒకదానితో ఒకటి పోటీ పడుతూనే, చట్టం దగ్గరికి వచ్చేసరికి ఒకే కాగితం మీద సంతకం పెడతాయి. 1978 నించీ ఆ పని నేర్చుకున్నాయి. మనం మాత్రం కలంకారీ వేరు, గిల్టు నగలు వేరు, ఎండు చేపలు వేరు అనుకుంటూ ఎవరి కలెక్టరు అర్జీ వాళ్ళం రాసుకుంటున్నాం. బ్యూనస్ ఎయిర్స్‌లో ఎన్నో దేశాల స్త్రీల సంస్థలు కలిసి సంతకాలు చేశాయంటే, బందరు, గుడివాడ, అవనిగడ్డ స్త్రీలు ఒక కాగితం మీదికి రాలేరా? అంతర్జాతీయ సహకారం కంపెనీల సొత్తు కాదు.

మీ సంఘం తర్వాతి సమావేశంలో మూడు ప్రశ్నలు వేసి చూడండి. మనలో ఎవరి సరుకు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు? ఓ.టి.పి. ఎవరి ఫోనుకి వస్తుంది? కోతలన్నీ పోగా చేతికెంత మిగిలింది? జవాబులు పేర్లు లేకుండా రాసి పెట్టండి. మన పేరు చెప్పి వాళ్ళు రాసిన కాగితాల పక్కన, మన చేత్తో మనం రాసిన ఈ కాగితాలు పెడదాం. అప్పుడు మాట్లాడమందాం మన గురించి.